విజయనగరం నర్సింగ్ హోమ్‌కు చాలు, విశాఖ కార్పొరేట్ ఆసుపత్రికి చాలదు: ఆరోగ్య సంజీవని పాలసీపై సమీక్ష

ఇంట్లో ఒకరి ఉద్యోగం మీద వచ్చే గ్రూపు ఆరోగ్య బీమాతో ఇద్దరూ నడుపుకొస్తున్నప్పుడు, ఆ ఉద్యోగి పదవీ విరమణ చేసిన నాడు ఎక్కువ ఇబ్బందిలో పడేది తరచుగా ఆ ఉద్యోగి కాదు, ఇంట్లోని రెండో మనిషి. మా ఇంట్లో ఆ రెండో మనిషిని నేనే. మా శ్రీమతి పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో, నాణ్యతా విభాగంలో పదకొండేళ్లు పనిచేసి 58వ ఏట విరమణ చేశారు. నాకు 62 ఏళ్లు. విజయనగరం గంటస్తంభం దగ్గర స్టేషనరీ కొట్టు నడుపుతున్నాను, చాలాకాలంగా షుగరు ఉంది. కంపెనీ వారి పాలసీ కాగితంలో ‘ఆధారపడిన కుటుంబ సభ్యులు’ అనే గడిలో ఇన్నేళ్లూ నా పేరే ఉండేది. కొట్టు యజమానినని చెప్పుకొనే మనిషికి అది కొంచెం చిన్నతనమే అయినా, ఆ గడి విలువ ఎంతో అది పోయే ముందు గాని తెలియలేదు.

ఆ గ్రూపు పాలసీ మొత్తం 3 లక్షలే. అయితే అందులో ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (ఆ జబ్బుల క్లెయిములు చెల్లించని తొలి ఏళ్లు) లేదు, వైద్య పరీక్షలు లేవు, వయసును బట్టి ప్రీమియం లేదు. బయట అరవై దాటిన షుగరు మనిషి కొత్తగా పాలసీ తీసుకోబోతే ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి. అందుకే విరమణకు ముందు మేము చూడవలసి వచ్చింది ఏ కంపెనీ ప్రకటన బాగుందని కాదు, పాత పాలసీలో గడిపిన ఏళ్లను కొత్త పాలసీలోకి ఎలా తెచ్చుకోవాలని. చివరకు అదే బీమా కంపెనీ దగ్గర ఇద్దరమూ చెరొక ‘ఆరోగ్య సంజీవని’ పాలసీకి, 5 లక్షల చొప్పున, మారాము. ఒక ఏడాది పూర్తయి, ఒక క్లెయిము కూడా అయిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

ముందు ఈ పాలసీ సంగతి. ఆరోగ్య సంజీవని ఒక కంపెనీ సొంత సరుకు కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నమూనా తయారుచేసి, ఆరోగ్య బీమా అమ్మే కంపెనీలన్నీ 2020 ఏప్రిల్ 1 నుంచి దానిని తప్పనిసరిగా అమ్మాలని ఆదేశించింది. నిబంధనలు అన్ని కంపెనీలలోనూ ఒక్కటే, మారేది ప్రీమియం ఒక్కటే. ఒకే నోటుపుస్తకం ఒక్కో కొట్టులో ఒక్కో ధరకు దొరికినట్టు, ఇదే పాలసీ ఒకే వయసు వారికి ఒక్కో కంపెనీలో ఒక్కో రేటుకు ఉంటుంది. కాబట్టి దీనిని కొత్తగా కొనేవారు నిబంధనలను పోల్చుతూ కూర్చోనక్కరలేదు. ప్రీమియం ఎంత, తమ ఊళ్లోనూ విశాఖలోనూ ఏయే ఆసుపత్రులు ఆ కంపెనీ జాబితాలో ఉన్నాయి, క్లెయిములు చెల్లించడంలో ఆ కంపెనీ లెక్కలు ఎలా ఉన్నాయి అని చూసుకుంటే చాలు. బీమా భాష చదివి విసిగిపోయే నాబోటి వారికి ఈ ఒక్క సౌలభ్యమే పెద్ద మేలు.

మేము కొత్తగా కొనలేదు, మారాము. ఈ తేడా ముఖ్యం. గ్రూపు పాలసీలో ఉన్న ఉద్యోగికీ, అందులో చేరి ఉన్న కుటుంబ సభ్యులకూ అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారే హక్కు ఉంది. దానిని మైగ్రేషన్ అంటారు. ఆరోగ్య పరిస్థితి చూసి అంగీకరించే విచక్షణ కంపెనీకి ఉంటుంది గాని, అంగీకరించిన తరువాత పాత పాలసీలో గడిచిన కాలాన్ని నిరీక్షణ కాలంలో జమ కట్టాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆరోగ్య సంజీవనిలో మొదట 48 నెలల నిరీక్షణ ఉండేది; 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏ పాలసీలోనైనా అది 36 నెలలకు మించరాదు. నేను పదకొండేళ్లు గ్రూపులో ఉన్నవాడిని కనుక నా షుగరుకు ఆ 36 నెలలు ఎప్పుడో గడిచిపోయినట్టే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. పాత పాలసీ 3 లక్షలదైతే ఆ జమ కూడా 3 లక్షల వరకే వర్తిస్తుంది. పైన పెంచుకున్న 2 లక్షలకు నిరీక్షణ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. అంటే షుగరు సంబంధమైన జబ్బుతో నేను ఈ మూడేళ్లలో ఆసుపత్రిలో చేరితే నాకున్నది 3 లక్షల పాలసీ, కాలు జారి ఎముక విరిగితే 5 లక్షల పాలసీ. ఈ సంగతి పాలసీ మొదటి పేజీలో ఉండదు, వెనుక జతచేసిన షెడ్యూలులో రెండు వరుసలుగా ఉంటుంది.

ఈ మార్పు సాఫీగా జరగలేదు. ఇక్కడి బీమా శాఖలో కూర్చున్న ఉద్యోగి ‘గ్రూపు వేరు, ఇది వేరు మాస్టారూ, కొత్తగానే తీసుకోవాలి’ అని తేల్చేశారు. ఆయన ఇచ్చిన ఫారం కూడా కొత్త ప్రపోజల్ ఫారమే. అందులోనే సంతకం పెట్టి ఉంటే నా పదకొండేళ్లూ గంగలో కలిసేవి. మా శ్రీమతి కంపెనీ హెచ్‌ఆర్ వారి దగ్గర గ్రూపు పాలసీ నంబరు, మేము ఏ తేదీ నుంచి అందులో ఉన్నామో తెలిపే ధ్రువపత్రం, గత క్లెయిముల వివరం రాతపూర్వకంగా తీసుకుని, బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిలు పెట్టిన తరువాత గాని మైగ్రేషన్ ఫారం చేతికి రాలేదు. ఆ ధ్రువపత్రం ఉద్యోగంలో ఉండగానే తీసుకోవడం మంచిది. విరమణ తరువాత హెచ్‌ఆర్ వారి దృష్టిలో మనం పాత ఫైలు. దరఖాస్తు కూడా కనీసం నెలన్నర ముందే పడాలి. కంపెనీ నుంచి కంపెనీకి మారే పోర్టబిలిటీకైతే 45 రోజుల ముందు అన్నది నియమమే. కంపెనీ జవాబివ్వకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది. అక్కడా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు. మాకు అంతవరకు పోనవసరం లేకపోయింది.

షుగరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఫారం నింపడానికి వచ్చిన ఏజెంటు ‘షుగరు’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి, ‘ఇది వదిలేద్దామండీ, అనవసరంగా ప్రీమియం పెరుగుతుంది’ అన్నాడు. మంచి కుర్రవాడే, మా మేలు కోరే అన్నాడు. కానీ ఆ గడి ఖాళీగా వదిలితే లాభం అతని కమీషనుకు, నష్టం నా క్లెయిముకు. పాలసీ వరుసగా 60 నెలలు నడిచిన తరువాత మోసం రుజువైతే తప్ప దాచిపెట్టారన్న కారణంతో క్లెయిము తిరస్కరించరాదని 2024 నిబంధన చెబుతుంది, అది నిజం. ఆ అయిదేళ్లు గడిచేలోపు ఆసుపత్రిలో చేరే పని పడకూడదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. మందుల పేర్లతో సహా అన్నీ రాయించాను. ప్రీమియం పెరిగింది, భరించగలిగినంతే పెరిగింది.

ఇద్దరికీ కలిపి ఒకే ఫ్లోటరు తీసుకోకుండా చెరొకటి ఎందుకని బంధువులు అడిగారు. ఫ్లోటరులో ప్రీమియాన్ని ఇంట్లో పెద్ద వయసు వారిని బట్టి లెక్కిస్తారు, బీమా మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. నా వయసు, నా షుగరు ఆమె నెత్తిన ఎందుకు? విడివిడిగా ఉంటే ఆమె ప్రీమియం ఆమె వయసుకే ఉంటుంది; ఒకరి క్లెయిము రెండో వారి బోనసును తాకదు. ఈ పాలసీలో క్లెయిము లేని ఏడాదికి 5 శాతం చొప్పున, 50 శాతం వరకు బీమా మొత్తం పెరుగుతుంది. మొదటి ఏడాది ఆమెకు క్లెయిము వచ్చింది, నాకు రాలేదు. కనుక రెన్యూవల్ నాటికి నాది 5 లక్షల 25 వేలు అయింది, ఆమెది 5 లక్షల దగ్గరే ఉంది. ఇంట్లో ఇప్పుడు నేనే కాస్త ఎక్కువ విలువైన మనిషిని.

ఇక పాలసీ అసలు పరీక్ష క్లెయిములో. సిరిమానోత్సవం హడావుడి ముగిసిన రోజుల్లో ఆమెకు జ్వరం పట్టి ప్లేట్‌లెట్లు పడిపోవడంతో విజయనగరంలోనే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించాము. జాబితాలో లేని ఆసుపత్రిలో కూడా నగదు లేకుండా వైద్యం పొందే ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ పద్ధతిని 2024 జనవరిలో బీమా కంపెనీల మండలి ప్రకటించింది. అత్యవసరమైతే చేరిన 48 గంటలలోపు, ముందే నిర్ణయించుకున్న వైద్యమైతే 48 గంటల ముందు కంపెనీకి తెలియజేయాలి. కాగితం మీద బాగుంది. మేము చేరిన చోట కౌంటరులోని అమ్మాయి ఆ మాట విని, మర్యాదగా, అడ్వాన్సు కట్టమన్నది. కట్టి, తరువాత రీయింబర్స్‌మెంటుకు పెట్టాము. డిశ్చార్జి అయిన 30 రోజులలోపు కాగితాలు అందాలి: డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, రసీదులు, రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు, క్యాన్సిల్ చేసిన చెక్కు. డాక్టరు సంతకం ఉన్నా ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు లేని లెటర్‌హెడ్ ఒకటి తిరిగి వచ్చింది. దానిని సరిచేయించి పంపిన తరువాత డబ్బు నేరుగా ఖాతాలో పడింది.

ఎంత పడింది అన్నది ఆసక్తికరం. గది అద్దె పరిమితిలోపే ఉంది కనుక అక్కడ కోత లేదు. గ్లౌజులు, మాస్కులు, అడ్మిషన్ కిట్టు వంటివి బీమా వారు చెల్లించనవసరం లేని జాబితాలో ఉంటాయి. బిల్లులో ఆ పద్దులన్నిటికీ ఎర్ర సిరా. మిగిలిన దానిలో 5 శాతం మనమే భరించాలి, ఈ కో-పే వయసుతో నిమిత్తం లేకుండా ఈ పాలసీలో అందరికీ ఉంది. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజుల పరీక్షలకూ, ఇంటికి వచ్చాక 60 రోజుల మందులకూ అయిన ఖర్చు కూడా ఇస్తారు. ఆ రెండో భాగాన్ని చాలామంది అడగడమే మానేస్తారు. మొత్తం మీద మా చేతి నుంచి పోయినది బాధ కలిగించేంత కాదు. విజయనగరం, శ్రీకాకుళం నర్సింగ్ హోమ్‌లలో జరిగే వైద్యానికి, జ్వరాలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, చిన్న ఎముకల ఆపరేషన్లు, ఈ పాలసీ నిజంగా సరిపోతుంది.

చిక్కంతా విశాఖ బండి ఎక్కినప్పుడు. మన రెండు జిల్లాల వారు గుండెకో, మెదడుకో, మోకాలి మార్పిడికో చివరకు చేరేది అక్కడికే. ఆరోగ్య సంజీవనిలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకు 5,000 రూపాయలకు మించకుండా. ఐసీయూ అయితే 5 శాతం, 10,000కు మించకుండా. ‘పైన తేడా ఉంటే మూడు నాలుగు వేలు మనం కట్టుకుంటాం, పోనిద్దురూ’ అనుకుంటారు. అలా పోదు. పరిమితి దాటిన గది తీసుకుంటే, దాటిన నిష్పత్తిలోనే సర్జన్ ఫీజు, మత్తుమందు డాక్టరు ఫీజు, థియేటరు చార్జీలు కూడా కోస్తారు. లెక్క కోసం ఒక బిల్లు చూద్దాం. గది రోజుకు 8,000 చొప్పున నాలుగు రోజులకు 32,000, సర్జన్, థియేటరు వగైరా 1,60,000, మందులు, పరీక్షలు, లోపల అమర్చిన పరికరాలు 1,00,000, మొత్తం 2,92,000. ఎనిమిదింట అయిదు వంతుల లెక్కన గదికి 20,000, సర్జరీ పద్దుకు 1,00,000 మాత్రమే ఒప్పుకుంటారు. మందులు, పరికరాల పద్దు కోత లేకుండా ఒప్పుకుంటారు. వచ్చిన 2,20,000లో 5 శాతం కో-పే 11,000 తీసేస్తే చేతికొచ్చేది 2,09,000. జేబులోంచి 83,000. అందులో గది అద్దె తేడా 12,000 మాత్రమే, కో-పే 11,000, మిగతా 60,000 ఆ గది తెచ్చిపెట్టిన కోత. అదే ఆసుపత్రిలో 5,000 లోపు షేరింగ్ గది దొరికితే ఈ 60,000 కోత ఉండేది కాదు. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ‘షేరింగ్ ఖాళీ లేదండీ, సింగిల్ ఇస్తాం’ అని అనే క్షణంలో ఈ లెక్క గుర్తుకు రావడం కష్టం; మేము పాలసీ కార్డు వెనుక ‘గది 5,000 లోపు’ అని రాసి అంటించుకున్నాము.

కంటి శుక్లాల ఆపరేషనుకు కన్ను ఒక్కింటికి బీమా మొత్తంలో 25 శాతం గాని 40,000 గాని, ఏది తక్కువైతే అది. కొత్తగా చేరినవారికి శుక్లాలు, హెర్నియా, గర్భసంచి తొలగింపు, కిడ్నీ రాళ్ల వంటి వాటికి రెండేళ్ల నిరీక్షణ ఉంది. అరుగుదల వల్ల చేసే మోకీళ్ల మార్పిడికి ఇంకా ఎక్కువ. రోబో సహాయంతో చేసే శస్త్రచికిత్సకూ, షుగరు వారికి కంటిలోపల ఇచ్చే ఇంజెక్షన్లకూ బీమా మొత్తంలో సగం వరకే. ఆయుర్వేద, హోమియో ఆసుపత్రులలో చేరి పొందే వైద్యానికి అటువంటి కోత లేకపోవడం విశేషం. నెలనెలా కొనే షుగరు బిళ్లలకు మాత్రం పైసా రాదు. ఇది ఆసుపత్రిలో చేరితే పనికివచ్చే పాలసీ.

ప్రీమియం గురించి అంకెలు ఇవ్వడం వృథా, వయసును బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. కానీ మూడు సంగతులు తెలిసి ఉండాలి. మేము మొదటి ప్రీమియం కట్టినప్పుడు దానిపై 18 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై దానిని పూర్తిగా ఎత్తివేశారు, కనుక రెన్యూవల్ నోటీసు తేలికగా కనిపించింది. అరవై దాటిన వారి ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. ఆ రక్షణ నాకుంది, 58 ఏళ్ల ఆమెకు ఇంకా లేదు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి, అరవై దాటిన వారి ప్రీమియానికి 50,000 వరకు మినహాయింపు ఉంది; కొత్త విధానంలో ఉన్నవారు దాన్ని మరచిపోవచ్చు.

ఈ పాలసీ అందరికీ అవసరం కాదు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగం నుంచి విరమించిన వారికి ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్ఎస్) కొనసాగుతుంది, జీవిత భాగస్వామికి కూడా వర్తిస్తుంది. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఇఎస్ఐలో కనీసం అయిదేళ్లు ఉండి విరమించిన కార్మికులు ఏడాదికి 120 రూపాయలు కట్టి దంపతులిద్దరూ వైద్యం పొందవచ్చు. పైడిభీమవరం ఫ్యాక్టరీలలో ఆ అర్హత ఉండి కూడా తెలియక వదులుకున్న వారిని నేను ఎరుగుదును. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు ముందు రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో తమ పేరు ఉందో లేదో చూసుకోవాలి. డెబ్బై దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. నాకు దానికి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది, ఆమెకు పన్నెండేళ్లు.

ఆ లోపు విశాఖ లెక్కను పూడ్చుకోవడానికి, 5 లక్షలు దాటిన ఖర్చును భరించే, గది అద్దె పరిమితి లేని సూపర్ టాపప్ ఒకటి చెరొకరికి వేరే కంపెనీలో తీసుకోవాలని నిర్ణయించుకున్నాము. మొదటి 5 లక్షల లోపు జరిగే గది కోతను అది సరిచేయదు, పెద్ద ఖర్చుకు మాత్రమే అక్కరకు వస్తుంది. అయినా దాని ప్రీమియం అసలు పాలసీ కంటే బాగా తక్కువ. ఆమె ప్రపోజల్ ఆమోదం పొందింది. నా దానికి మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు కొత్తది కావాలన్నారు. పంపాను, జవాబు రావలసి ఉంది.